పదమూడేళ్ల కంప్యూటర్‌కి ఏ గ్రాఫిక్స్ కార్డు?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. చిన్న ఫోటో స్టూడియో, దాంతోపాటే పెళ్లికార్డుల డీటీపీ, తెలుగులోనూ ఒడియాలోనూ. 2013లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ మీదే అంతా నడుస్తోంది. ఐ5-3470 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, రెండు హార్డ్ డిస్కులు, 450 వాట్ల లోకల్ ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా), వీజీఏ మానిటర్. గ్రాఫిక్స్ కార్డు జీటీ 630. పెట్టె మీద 2 జీబీ, డీడీఆర్3, 128 బిట్ అని ఉంది. నెల్లాళ్లుగా తెర మీద గీతలు, గళ్లు వస్తున్నాయి. ఆల్బం పని మధ్యలో తెర నల్లబడిపోతోంది. శ్రీకాకుళంలో అడిగితే కొత్త జీటీ 730, 4 జీబీ, 5,200కి ఇస్తామన్నారు. బరంపురంలో తెలిసినవాళ్ల దగ్గర వాడిన జీటీఎక్స్ 1650 ఉంది, 6,500 అంటున్నారు. మా మేనల్లుడేమో "ఆర్ఎక్స్ 580 తీసుకో మావయ్యా, 8 జీబీ, గేములూ ఆడొచ్చు" అంటాడు. ఈమధ్య పెళ్లి వీడియోలు కూడా ఎడిట్ చేస్తున్నాం. చేతిలో పది వేలున్నాయి. మాఘం ముహూర్తాల్లోపు తేల్చుకోవాలి. ఏది కొనమంటారు?

సమాధానం: మీ ముందున్న మూడింట్లో కొనదగ్గది ఆ వాడిన 1650 ఒక్కటే. అదైనా విడిగా పవర్ ప్లగ్గు అడగని రకమై ఉండాలి, మీ కళ్లముందు పరీక్షకు నిలబడాలి, దాంతోపాటు ఎస్ఎంపీఎస్ కూడా మార్చాలి. అయితే బరంపురం బస్సెక్కే ముందు పైసా ఖర్చులేని పని ఒకటుంది. పాడైంది నిజంగా కార్డేనా అన్నది తేల్చుకోండి.

మీ ఐ5-3470లో ఇంటెల్ హెచ్‌డీ 2500 అనే గ్రాఫిక్స్ లోపలే ఉంది. కంప్యూటర్ ఆపండి, ప్లగ్గు పీకండి, పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. జీటీ 630ని స్లాట్ నుంచి పూర్తిగా బయటికి తీసెయ్యండి. ఊరికే కేబుల్ మార్చి గుచ్చితే చాలదు. కార్డు ఉన్నంతసేపూ చాలా హెచ్61 బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని వాటంతటవే ఆపేస్తాయి. ఇప్పుడు మానిటర్ కేబుల్‌ని బోర్డు వెనకున్న వీజీఏ సాకెట్లో పెట్టి రెండ్రోజులు మామూలుగా పని చేసుకోండి. గీతలు రాలేదా, తప్పు కార్డుదో, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌దో, కార్డు స్లాట్‌దో. అప్పటికీ వస్తున్నాయా, తప్పు కేబుల్లోనో మానిటర్లోనో ర్యామ్‌లోనో ఎస్ఎంపీఎస్‌లోనో ఉంది. వెయ్యి రూపాయల కార్డు పెట్టినా లక్ష రూపాయల కార్డు పెట్టినా పోదు.

రెండ్రోజుల తర్వాత కార్డుని ఒకసారి మళ్లీ పెట్టి చూడండి. పెట్టే ముందు దాని బంగారు రంగు పళ్లని పిల్లలు వాడే పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా రుద్ది, పొట్టు బ్రష్‌తో దులపండి. వానాకాలం తేమకి ఆ పళ్ల మీద సన్నని పొర పడుతుంది. కొన్ని "పాడైన" కార్డులు ఈ రబ్బరు పనికే లేచి కూర్చుంటాయి. ఫ్యానుని వేలితో తిప్పండి, తేలిగ్గా తిరగాలి. బేరింగ్ ఎండిపోయి మొరాయిస్తుంటే చిప్ వేడెక్కి తెర నల్లబడడం మామూలే. ఫ్యాను దిమ్మెకి వెనకవైపు స్క్రూలు ఉంటాయి. అవి విప్పి, రాయిలా గట్టిపడిన పాత పేస్టు తుడిచేసి, బఠాణీ గింజంత కొత్త థర్మల్ పేస్టు పెట్టి బిగిస్తే కొన్ని కార్డులు ఇంకో ఏడాది లాగుతాయి.

గీతలు ఎప్పుడు వస్తున్నాయో కూడా చూడండి. స్విచ్ వేయగానే, విండోస్ ఇంకా మొదలవకముందు బయాస్ (బోర్డు సొంత ప్రోగ్రామ్) తెర మీదే గళ్లు పడితే కార్డు మెమరీ చిప్పులో అసలు చిప్పో పోయినట్టే. అక్కడ శుభ్రంగా ఉండి విండోస్‌లోకి వచ్చాకే వస్తే డ్రైవర్ తప్పు కూడా కావచ్చు. చిప్‌ని హీట్‌గన్‌తో కాల్చి బాగుచేస్తామని కొన్ని షాపుల్లో మూడు నాలుగు వందలు తీసుకుంటారు. అది కొన్ని వారాలకే మళ్లీ మొదటికొస్తుంది. ముహూర్తాల సీజన్ ముందు ఆ జూదం వద్దు.

కార్డే పోయిందని తేలిందనుకుందాం. ఇక జీటీ 730 సంగతి. ఆ పేరు మీద మూడు వేర్వేరు సరుకులు మార్కెట్‌లో తిరిగాయి. డీడీఆర్3 మెమరీ, 64 బిట్ దారి ఉన్నది ఒకటి. జీడీడీఆర్5 మెమరీ, అదే 64 బిట్‌తో ఇంకొకటి. డీడీఆర్3, 128 బిట్‌తో ఫెర్మీ అనే పాత తరం చిప్ వేసింది మూడోది. షాపులో 4 జీబీ అని పెద్ద అక్షరాలతో ఉండేది డీడీఆర్3 రకమే అనుకోండి. 64 బిట్ డీడీఆర్3 రకంలో సెకనుకు సుమారు 14.4 జీబీ డేటా కదులుతుంది. చెడిపోయిన మీ జీటీ 630 లో 28.8 జీబీ కదిలేది! అంటే 5,200 పోసి, పాతదానికంటే సగం వెడల్పు దారి కొనుక్కుంటున్నారు. గోదాము పెద్దది, గుమ్మం చిన్నది. సరుకు అక్కడే ఆగిపోతుంది. మీ తెర 1366×768 అయితే దాని మీది బొమ్మకి కావలసిన మెమరీ సుమారు నాలుగు ఎంబీయే. 4 జీబీ నిండేంత పని ఆ చిప్ ఎన్నటికీ చెయ్యలేదు.

దానికి ఇంకో జబ్బుంది. జీటీ 730 లో ఉన్నది 2012–2014 కాలపు కెప్లర్ చిప్ (లేదా అంతకన్నా పాత ఫెర్మీ). ఎన్‌విడియా కెప్లర్‌కి మామూలు డ్రైవర్లు ఇవ్వడం 2021లోనే ఆపేసింది. పైగా ఇప్పటి ఫోటోషాప్ వెర్షన్లు డైరెక్ట్‌ఎక్స్ 12 (సాఫ్ట్‌వేర్ కార్డుతో మాట్లాడే పద్ధతి) ని ఫీచర్ లెవెల్ 12_0 స్థాయిలో అడుగుతాయి. కెప్లర్ 11_0 దగ్గరే ఆగిపోయింది. పెట్టె మీద "డైరెక్ట్‌ఎక్స్ 12" అనే ఉంటుంది, అబద్ధమూ కాదు, కానీ మీ పనికి వచ్చే నిజమూ కాదు. షాపువాడు కొత్తది, బిల్లుంది, వారంటీ ఉంది అంటాడు. పుట్టిన పదేళ్లకి కూడా కొత్త పెట్టెలో అమ్ముడయ్యే సరుకు ఇది.

ఇక మీ పనిని రెండుగా విడగొట్టి చూడాలి, ఎందుకంటే ఆల్బం పనికి కార్డు అవసరం చాలా తక్కువ. 12×36 అంగుళాల కరిజ్మా (పెళ్లి ఆల్బం) షీటుని 300 డీపీఐలో తెరిస్తే 10,800 × 3,600 పిక్సెళ్లు, అంటే 3.88 కోట్లు. ఒక్కో పిక్సెల్‌కి మూడు బైట్ల చొప్పున ఒక నిండు లేయర్ 111 ఎంబీ. వధూవరుల ఫోటోలు, బ్యాక్‌గ్రౌండు, పూల బోర్డర్లు, మాస్కులు కలిపి ఇరవై లేయర్లు పెడితే రెండు జీబీ పైమాటే, దానిమీద హిస్టరీ. విండోస్, బ్రౌజరు కలిసి మూడు జీబీ తినేశాక మీ 8 జీబీలో మిగిలేది ఎంత? అక్కడ నిండగానే ఫోటోషాప్ హార్డ్ డిస్కుని స్క్రాచ్‌గా, అంటే తాత్కాలిక చోటుగా వాడుకుంటుంది. ఇసుక గడియారంలా కర్సర్ తిరిగేది అప్పుడే. ఆ నెమ్మదికి కార్డుని తిట్టి లాభం లేదు. కేవలం పెళ్లికార్డుల డీటీపీ, పాత వెర్షన్ ఫోటోషాప్‌లో ఆల్బం — ఇంతే మీ పని అయితే, కార్డు పక్కనపడేసి బోర్డు గ్రాఫిక్స్‌తోనే ఉండిపోయి, పది వేలూ ఎస్ఎస్‌డీకి, ర్యామ్‌కి పెట్టమని చెప్పేవాళ్లం.

వీడియో వచ్చేసరికి లెక్క మారుతుంది. ఫోన్లు, డ్రోన్లు, కొత్త కెమెరాలు ఎక్కువగా హెచ్ఈవీసీ అనే పద్ధతిలో వీడియో దాస్తున్నాయి. మీ హెచ్‌డీ 2500కి అది చదవడం రాదు. భారమంతా నాలుగు కోర్ల ప్రాసెసర్ మీద పడి టైమ్‌లైన్ తడబడుతుంది. 1650 ఆ వీడియోని తనలోని ప్రత్యేక భాగంతో చదివేస్తుంది, ఎక్స్‌పోర్టులో వీడియోని కుదించి దాచే పని (ఎన్‌కోడింగ్) కూడా అదే చేస్తుంది. స్టూడియోకి ఈ కార్డు చెప్పడానికి అసలు కారణం ఇదే, గేములు కాదు. ఒక్క జాగ్రత్త. మీ కెమెరాలో 4:2:2 10 బిట్ అనే సెట్టింగ్ ఉంటే దాన్ని 4:2:0 కి మార్చుకోండి. 4:2:2 హెచ్ఈవీసీని 1650 హార్డ్‌వేర్ చదవదు. అప్పుడు కార్డు కొన్నా టైమ్‌లైన్ తడబాటు అలాగే ఉండి, మోసపోయామనిపిస్తుంది.

మేనల్లుడి ఆర్ఎక్స్ 580 గురించి. కుర్రాడు చెడ్డ కార్డేం చెప్పలేదు. 1650 కన్నా అది బలమైనదే. కానీ దాని ఆకలి 185 వాట్లు. బోర్డు స్లాట్ ఇవ్వగలిగేది 75 వాట్లు మాత్రమే, అందుకే దానికి 8 పిన్నుల పవర్ ప్లగ్గు విడిగా కావాలి. మీ లోకల్ ఎస్ఎంపీఎస్‌లో ఆ ప్లగ్గే ఉండదు. అప్పుడు ఎవరో ఒకరు హార్డ్ డిస్కు ప్లగ్గు నుంచి కన్వర్టర్ వేద్దామంటారు. సాటా పవర్ ప్లగ్గులో 12 వోల్టులకి మూడు పిన్నులే, ఒక్కోటి 1.5 ఆంపియర్లు, వెరసి 54 వాట్లు. దాని మీద 150 వాట్ల ప్లగ్గు తగిలిస్తే తెల్ల ప్లాస్టిక్ కరిగి నల్లబడుతుంది. స్టూడియోలో తెరలు, థర్మోకోల్, ఫోటో పేపరు మధ్య ఆ పని వద్దు. పైగా వాడిన 580లు చాలామటుకు క్రిప్టో నాణేల మైనింగ్‌లో రాత్రింబగళ్లు తిరిగినవి.

ఇక్కడే ఎస్ఎంపీఎస్ లేబుల్ చదవడం నేర్చుకోండి. 450 వాట్లు అన్న పెద్ద అంకె పక్కనపెట్టి, +12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. ప్రాసెసర్, కార్డు, డిస్కుల మోటార్లు, ఫ్యాన్లు అన్నీ తినేది ఆ 12 వోల్టుల నుంచే. 14 ఆంపియర్లు అని ఉంటే 14 × 12 = 168 వాట్లు, మిగతా అంకెంతా 3.3, 5 వోల్టుల వైపు చూపించిన పెద్దరికం. మీ ప్రాసెసర్ 77 వాట్ల రకం, 1650 ఇంకో 75, రెండు డిస్కులు కలిసి పదిహేను, ఫ్యాన్లు, బోర్డు కలిపితే నిండు పనిలో సుమారు 200 వాట్లు; 12 వోల్టుల మీద 15–16 ఆంపియర్లు. ఎక్స్‌పోర్టు నడుస్తున్నప్పుడు ఆ పాత సప్లై కుంగి కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. అది నయం, కెపాసిటర్లు ఉబ్బిన సప్లై వోల్టేజి ఎగేసి బోర్డుని, డిస్కుల్ని కూడా తీసుకుపోయిన సందర్భాలు ఉంటాయి. కస్టమర్ల పెళ్లి ఫోటోలు ఉన్నది ఆ డిస్కుల్లోనే కదా.

కాబట్టి 450 వాట్ల, 80 ప్లస్ బ్రాంజ్ (సామర్థ్యం ముద్ర) ఉన్న ఎస్ఎంపీఎస్ ఒకటి తీసుకోండి. 12 వోల్టుల మీద 30 ఆంపియర్లు దాటి ఉండాలి, బోర్డుకి 24 పిన్నులు, ప్రాసెసర్‌కి 4+4 పిన్నులు, కార్డుకి 6+2 పిన్నులు ఉండాలి. రెండున్నర, మూడు వేల మధ్య వస్తుంది. పాతది విప్పేటప్పుడు 24 పిన్నుల ప్లగ్గులో పసుపు తీగల దగ్గర గోధుమరంగు మచ్చ ఉందేమో చూడండి. ఉంటే బోర్డు సాకెట్ కూడా కాలడం మొదలైందన్నమాట, అప్పుడు స్లాట్ నుంచి 75 వాట్లు లాగే కార్డు పెట్టకూడదు.

ఇప్పుడు బరంపురం కార్డు. జీటీఎక్స్ 1650 అన్న పేరులోనూ తేడాలున్నాయి. 2019లో వచ్చిన మొదటి రకం జీడీడీఆర్5, 896 కోర్లు, 4 జీబీ, 75 వాట్లు. వీటిలో చాలావాటికి పక్కన ప్లగ్గు ఉండదు. 2020లో వచ్చిన జీడీడీఆర్6 రకంలో చాలావాటికి 6 పిన్నుల ప్లగ్గు ఉంటుంది. కొత్త ఎస్ఎంపీఎస్ పెడుతున్నారు గనక అది వచ్చినా నడుస్తుంది, కానీ పదమూడేళ్ల బోర్డుకి ప్లగ్గు లేని చల్లని కార్డే మేలు. "1650 సూపర్" అంటే వేరే చిప్, 100 వాట్లు. "1650 టీఐ" అని ఎవరైనా డెస్క్‌టాప్ కార్డు చూపిస్తే లేచి వచ్చెయ్యండి. ఆ పేరుతో వచ్చింది ల్యాప్‌టాప్ చిప్ మాత్రమే.

కార్డు మీద వీజీఏ సాకెట్ కనిపించినా అనుమానించాల్సిందే. 1050 లాంటి 10 వరస నుంచి ఎన్‌విడియా చిప్పులు వీజీఏ సంకేతం ఇవ్వవు. పాత చిప్ మీద బయాస్ మార్చి 1050 టీఐ అనీ 1650 అనీ అమ్మే నకిలీలకి ఆ సాకెట్టే ఆనవాలు. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. నకిలీ అయితే పేరు ముందు ఫేక్ అని తానే చూపిస్తుంది. 896 షేడర్లు (అంటే కోర్లే), 128 బిట్ మెమరీ దారి, టీయూ117 చిప్, ఇవి మూడూ సరిపోవాలి. ఆ తర్వాత కార్డుని నిండుగా పరిగెత్తించే ఫర్‌మార్క్ అనే ప్రోగ్రామ్‌ని పదిహేను నిమిషాలు నడిపించమనండి. వేడి 80 డిగ్రీల దగ్గర ఆగి నిలబడాలి. 85 దాటి ఇంకా ఎక్కుతుంటే పేస్టో ఫ్యానో పోయింది. తెర మీద ఒక్క చుక్క మెరిసినా వద్దు. ఉన్న ప్రతి సాకెట్టుకీ మానిటర్ పెట్టి చూడండి, హెచ్‌డీఎంఐ ఒక్కటే చూసి తెచ్చుకుని ఇంటికొచ్చాక డిస్‌ప్లే పోర్ట్ పనిచెయ్యలేదని తెలుసుకుంటే లాభం లేదు. ఫ్యాను దిమ్మె స్క్రూల తలలు చెరిగి ఉంటే ఎవరో విప్పారు. ఎందుకు విప్పారో అడగండి. తెలిసినవాళ్లే అయినా వారం రోజుల్లో తిరిగిచ్చే మాట ముందే అనుకోండి. మొహమాటం అయిదు నిమిషాలుంటుంది, 6,500 కాదు.

ఇది తప్పిపోతే ఏం చూడాలో క్లుప్తంగా. 1050 టీఐ కూడా 75 వాట్ల కార్డే, బాగానే పనిచేస్తుంది. కానీ అది పాస్కల్ తరం. ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ఆ తరానికి మామూలు డ్రైవర్లు ఆపి, 2028 అక్టోబరు వరకు భద్రతా సవరణలు మాత్రమే ఇస్తానంది. 1650 కన్నా బాగా తక్కువకి దొరికితేనే. జీటీ 1030 కూడా పాస్కలే, 30 వాట్లు, తెర వెలగడానికి చాలు. కానీ అందులో ఎన్‌కోడర్ లేదు, ఎక్స్‌పోర్టుకి సాయం రాదు. అందులోనూ డీడీఆర్4 రకం జోలికి పోకండి. జీడీడీఆర్5 రకంలో సెకనుకు 48 జీబీ, డీడీఆర్4లో 16.8 జీబీ, పేరు మాత్రం ఒకటే. ఏఎమ్‌డీ ఆర్ఎక్స్ 6400, 53 వాట్లది, కాగితం మీద ముద్దొస్తుంది. అది స్లాట్‌లో నాలుగు లైన్లే వాడుతుంది, పాత బోర్డుల మీద ఇరుకవుతుంది, దానికీ ఎన్‌కోడర్ లేదు. స్టూడియోకి పనికిరాదు. ఇంటెల్ ఆర్క్ కార్డులకి రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉన్న కొత్త బోర్డు కావాలి, మీ హెచ్61లో అది లేదు. కొత్తదే కావాలి, వారంటీ కావాలి అంటే ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం, 70 వాట్లది ఉంది. అది మీ బడ్జెట్ దాటుతుంది. ఏడాదిలోపు కంప్యూటర్ మొత్తం మార్చే ఆలోచన ఉంటేనే దాన్ని కొని, తర్వాత కొత్తదానిలోకి మార్చుకోవచ్చు. 8 జీబీ 3050 వేరే కార్డు, 130 వాట్లు.

ఆఫీసుల నుంచి వేలంలో వచ్చిన చిన్న డెల్, హెచ్‌పీ డబ్బాలు ఉన్నవాళ్లకి ఈ సలహా ఇలాగే వర్తించదు. వాటికి సగం ఎత్తు కార్డు కావాలి, ఎస్ఎంపీఎస్ కూడా బజారులో దొరికేది పట్టదు.

మీ మానిటర్ వీజీఏ అన్నారు. 1650కి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్, కొన్నిటికి డీవీఐ-డీ ఉంటాయి. షాపుల్లో యాభై రూపాయలకి దొరికే డీవీఐ–వీజీఏ పిన్ను దీనికి పనిచెయ్యదు. డీవీఐ-డీలో వీజీఏకి కావలసిన నాలుగు పిన్నుల రంధ్రాలే ఉండవు. లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ–వీజీఏ కన్వర్టర్ కావాలి, మూడు నాలుగు వందలు. పక్కన చిన్న యూఎస్‌బీ పవర్ సాకెట్ ఉన్నది తీసుకుంటే తెర మిణుకుమిణుకుమనదు. నిజానికి చర్మం రంగు సరిగ్గా చూసి ఆల్బం పంపాల్సిన చోట ఆ పాత మానిటర్ మీ కార్డుకంటే పెద్ద లోపం. ల్యాబ్ నుంచి ప్రింటు వచ్చాక మొహాలు ఎర్రగా వచ్చాయని కస్టమర్ అంటే, తప్పు అక్కడే మొదలై ఉంటుంది. సీజన్ డబ్బు చేతికొచ్చాక మొదట కొనాల్సింది ఐపీఎస్ (రంగులు సరిగ్గా చూపే రకం) మానిటర్.

కొనే ముందు టేపుతో కొలవండి. క్యాబినెట్ వెనక రేకు నుంచి హార్డ్ డిస్కుల గూడు దాకా ఎన్ని మిల్లీమీటర్లో. ఒక ఫ్యాను 1650లు 150–170 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి, రెండు ఫ్యాన్లవి 200 దాటతాయి. మందం రెండు స్లాట్లు. హెచ్61 చిన్న బోర్డుల్లో సాటా సాకెట్లు చాలావరకు కార్డు కొస కిందే ఉంటాయి. నిటారు కేబుల్ కార్డుకి అడ్డం పడుతుంది, ఎల్ ఆకారం మూతి ఉన్న కేబుల్ పెట్టుకుంటే సర్దుకుంటుంది.

బిగించే రోజు ముందు, బోర్డు గ్రాఫిక్స్ మీద నడుస్తుండగానే, పాత ఎన్‌విడియా డ్రైవర్‌ని సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పూర్తిగా తీసెయ్యండి. ఫెర్మీ డ్రైవర్ ముక్కలు మిగిలి ఉంటే కొత్తది సగంలో ఆగిపోతుంది. ప్లగ్గు పీకి, క్యాబినెట్ ఇనుముని ఒకసారి చేత్తో తాకి పని మొదలుపెట్టండి. స్లాట్ చివర చిన్న ప్లాస్టిక్ కొక్కెం ఉంటుంది, పాత బోర్డుల్లో అది పెళుసెక్కి ఉంటుంది, జాగ్రత్తగా నొక్కండి. కార్డు టక్‌మని కూర్చోవాలి. వెనక స్క్రూ తప్పనిసరి; స్క్రూ లేకపోతే కేబుల్ బరువుకి కార్డు వంగి పళ్లు వదులవుతాయి.

స్విచ్ వేస్తే తెర రాకపోతే కంగారుపడకండి. మొదట కేబుల్ కార్డుకే పెట్టారో, అలవాటుగా బోర్డుకి పెట్టారో చూసుకోండి. ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు వినిపిస్తే కార్డుని బోర్డు గుర్తించలేదని. తీసి మళ్లీ గుచ్చండి. అప్పటికీ లేదంటే ప్లగ్గు పీకి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిదు నిమిషాలు తీసి పెట్టండి. పదమూడేళ్లది గనక ఎలాగూ కొత్తది వేసెయ్యండి, ముప్పై నలభై రూపాయలు. అయినా రాకపోతే కార్డు తీసి, బోర్డు గ్రాఫిక్స్ మీద బయాస్‌లోకి వెళ్లి మొదటి డిస్‌ప్లే అన్నచోట పీఈజీ లేదా పీసీఐ ఎక్స్‌ప్రెస్ అని పెట్టండి. బోర్డు తయారీదారు సైటులో కొత్త బయాస్ ఉంటే ఈ దశలో ఎక్కించాలి, అదీ యూపీఎస్ మీద. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుంది.

డబ్బు లెక్క: కార్డు 6,500, ఎస్ఎంపీఎస్ మూడు వేలలోపు, కన్వర్టర్ నాలుగు వందలు. పది వేలు సరిగ్గా సరిపోయాయి. బేరమాడి అయిదారు వందలు మిగిల్చుకున్నా అవి ఎస్ఎస్‌డీ కోసం పక్కన పెట్టుకోండి. హెచ్61లో ఉన్నవి 3 గిగాబిట్ల సాటా సాకెట్లే కాబట్టి సెకనుకు 270 ఎంబీ మించి రాదు. ఖరీదైనది వద్దు, 240 జీబీ మామూలు సాటా ఎస్ఎస్‌డీ చాలు. విండోస్, ఫోటోషాప్ స్క్రాచ్ రెండూ దాని మీదికి మారిస్తే ఆల్బం పనిలో తేడా కార్డుకన్నా ముందు అక్కడ కనిపిస్తుంది. ర్యామ్ ఈ బోర్డు 16 జీబీ దాకా తీసుకుంటుంది, స్లాట్లు రెండే. ఇప్పుడున్నవి రెండు 4 జీబీ కడ్డీలైతే రెండూ తీసి 8 జీబీవి రెండు వెయ్యాలి. వాడిన డీడీఆర్3 చవగ్గానే దొరుకుతుంది.

ఇంత చేసినా ఈ కంప్యూటర్‌కి ఒక గోడ ఉంది. ఐ5-3470లో ఏవీఎక్స్2 అనే లెక్కల సదుపాయం లేదు, అది తర్వాతి తరంతో 2013లో వచ్చింది. దాన్ని తప్పనిసరి చేసిన సాఫ్ట్‌వేర్ ఏ కార్డు పెట్టినా తెరుచుకోదు. విండోస్ 11 ఈ ప్రాసెసర్‌ని అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఇప్పుడు పనిచేస్తున్న వెర్షన్‌లోనే ఆపండి, సీజన్ మధ్యలో అప్‌డేట్ నొక్కకండి. స్టూడియో బ్యాంకు పనులు ఈ మెషీన్ మీద కాకుండా ఫోన్‌లో చేసుకోండి.

మేనల్లుడితో చెప్పండి, 1650 మీద అతను అడిగే గేముల్లో చాలావి 1366×768లో మధ్యరకం సెట్టింగులతో నడుస్తాయి. ఎక్స్‌పోర్టు నడుస్తున్నప్పుడు మాత్రం కాదు.